మాగ్నమ్ తన్నుకీ మన కంటిరెప్పకీ మధ్య

మామూలు రైఫిల్ కన్నా ఎక్కువ మందుగుండుతో, ఎక్కువ వేగంతో బుల్లెట్‌ని పంపే రైఫిల్‌ని మాగ్నమ్ అంటారు. నా .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిల్ కోసం ఇప్పుడు గరాజ్‌లో కూర్చుని నేను నింపుకుంటున్న తూటా, షాపులో కొనే తూటాతో పోలిస్తే సగమే తంతుంది, అంటే కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి వచ్చి భుజాన్ని గుద్దే దెబ్బ సగమే. ఈ సంగతి చెబితే డాలస్‌లో ఉండే మా బావమరిది ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అలాంటప్పుడు మాగ్నమ్ కొనడం దేనికి బావా? దాని బలమంతా తీసేశాక ఇంకేం మిగులుతుంది?" అన్నాడు. వాడు టెక్సాస్‌లో అడవి పందుల్ని వేటాడతాడు, తుపాకుల గురించి బాగా తెలిసినవాడు. వాడి ప్రశ్నకి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ నిదానంగా చెబుతాను.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఆ చట్టం ఉన్న చోట పుట్టి పెరిగిన నాకు అడవీ తుపాకీ రెండూ అమెరికా వచ్చాకే తెలిశాయి. ఇక్కడ కొలరాడోలో ఎల్క్ మందల సంఖ్యను ప్రభుత్వమే అదుపులో ఉంచుతుంది, లెక్క ప్రకారం లైసెన్సులు ఇస్తుంది, ఆ డబ్బుతో వన్యప్రాణుల్ని చూసుకుంటుంది. వేటాడటం తప్పా ఒప్పా అనే చర్చ ఈ వ్యాసంలో పెట్టుకోను. వేటాడాలని నిర్ణయించుకున్న మనిషికి ఆ జంతువు పట్ల ఒక బాకీ ఉంటుంది. ఒక్క దెబ్బతో, బాధ లేకుండా పని అయిపోవాలి. నేను చెప్పేదంతా ఆ బాకీ గురించే.

2016 అక్టోబరులో నేను ఆ బాకీ తీర్చలేకపోయాను. మీకర్ ఊరికి తూర్పున, ఫ్లాట్ టాప్స్ కొండల కింద, ఆకులు రాలిన ఆస్పెన్ చెట్ల అంచున ఒక ఆడ ఎల్క్ పక్కకి తిరిగి నిలబడింది. ఎల్క్ అంటే మన కణుజుకి దగ్గరి చుట్టం, ఒళ్లు ఇంకా పెద్దది. రేంజ్‌ఫైండర్ 160 గజాలు చూపించింది. అది కష్టమైన దూరం కాదు. ట్రిగ్గర్ నొక్కాను. రైఫిల్ భుజాన్ని గుద్దింది, గురి చూసే దుర్బిణి, అంటే స్కోపులోంచి ప్రపంచం మాయమైంది. మళ్లీ కనిపించేసరికి అది చెట్లలోకి పరుగెడుతోంది. నేను ముందుకాళ్ల వెనక, ఊపిరితిత్తుల మీద గురి పెట్టాను. తగిలింది మాత్రం కడుపులో. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. రాత్రి టెంటులో నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున పది గంటలకు, దాదాపు మైలు దూరంలో, ఒక వాగు పక్కన పడుకుని కనిపించింది. ఇంకా ప్రాణం ఉంది. రెండో తూటా వాడాల్సి వచ్చింది. ఆ రాత్రంతా అది ఎలా గడిపిందో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

గాలి అనుకున్నాను, జంతువు కదిలిందేమో అనుకున్నాను, స్కోపు పక్కకి జరిగిందేమో అని కాల్పుల సాధన చేసే రేంజ్‌కి వెళ్లి చూశాను. అక్కడ రిటైరైన ఒక పెద్దాయన నా రైఫిల్ తీసుకుని మూడు తూటాలు కాల్చాడు. మూడూ ఒక్క అంగుళంలో పడ్డాయి. తర్వాత నన్ను కూర్చోబెట్టి, తూటా తనే పెట్టి ఇస్తానన్నాడు. ఒకసారి నిజమైన తూటా పెడతాడు, ఒకసారి లోపల ఏమీ లేని డమ్మీ పెడతాడు. ఏది పెట్టాడో నాకు చెప్పడు. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని చప్పుడు, అంతే. కానీ రైఫిల్ ముక్కు అంగుళమున్నర కిందికి దిగింది. నా భుజం ముందుకు తోసింది. కళ్లు మూసుకుపోయాయి. ఆయన ఫోన్లో తీసిన వీడియోలో అదంతా స్పష్టంగా ఉంది. నేను కాల్చేటప్పుడు లక్ష్యాన్ని చూడటమే లేదు!

చిన్నప్పుడు దీపావళికి లక్ష్మీ బాంబు వెలిగించినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాకరపువ్వొత్తి చివర ఒత్తికి తగలకముందే మొహం పక్కకి తిరుగుతుంది, కళ్లు గట్టిగా మూసుకుంటాయి, చెయ్యి వణుకుతుంది. బాంబు ఇంకా పేలనే లేదు. పేలుతుందని ఒంటికి తెలుసు. మాగ్నమ్ వెనక కూర్చున్న మనిషికీ అదే జరుగుతుంది. ఇంగ్లీషులో ఫ్లించ్ అంటారు. ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు. నాలుగుసార్లు దెబ్బ తిన్న భుజం అయిదోసారి తనంతట తానే బిగుసుకుంటుంది.

ఒక లెక్క తెలిస్తే సమస్య ఎక్కడుందో అర్థమవుతుంది. మందు అంటుకున్న క్షణం నుంచి బుల్లెట్ గొట్టం దాటేదాకా పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ. మన రెప్ప ఎంత చురుగ్గా వాలినా దానికి అంతకు పదుల రెట్లు సమయం కావాలి. అంటే చప్పుడు విన్నాక మనం ఎంత అదిరిపడినా ఆ బుల్లెట్‌కి ఏమీ కాదు, అది ఎప్పుడో వెళ్లిపోయింది. రైఫిల్ తన్ను మన భుజాన్ని చేరేది కూడా చాలావరకు బుల్లెట్ బయటపడ్డాకే. గురి తప్పించేది తన్ను కంటే ముందు వచ్చే భయం. ఆ భయం తగ్గాలంటే దాన్ని పుట్టించే తన్నే తగ్గాలి. ధైర్యం తెచ్చుకోమని చెప్పేవాళ్ల మాట నేను వినడం మానేశాను.

తన్ను ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ముందుకు వెళ్లేదానికి ఎంత ఊపు ఉంటే రైఫిల్‌కి వెనక్కి అంత ఊపు వస్తుంది, ఇది స్కూల్లో చదివిన న్యూటన్ సూత్రమే. అయితే ముందుకు వెళ్లేది బుల్లెట్ ఒక్కటే అనుకుంటాం, అక్కడ లెక్క తప్పుతుంది. కాలిన మందంతా గ్యాస్ అయిపోయి బుల్లెట్ వెనకే గొట్టం చివర నుంచి చిమ్ముకొస్తుంది. తారాజువ్వ పైకి లేచేది అలా చిమ్మే గ్యాస్ వల్లే కదా. ఆ గ్యాస్ వేగాన్ని లెక్కల్లో సాధారణంగా సెకనుకు 4700 అడుగులుగా తీసుకుంటారు. బుల్లెట్ వేగం కన్నా అది చాలా ఎక్కువ.

అంకెలతో చూడండి. గ్రెయిన్ అనేది చాలా చిన్న కొలత, ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు. 180 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2960 అడుగుల వేగంతో వెళ్తోంది, మందు 72 గ్రెయిన్లు, స్కోపుతో కలిపి రైఫిల్ ఎనిమిదిన్నర పౌండ్లు అనుకుందాం. లెక్క వేస్తే తన్ను సుమారు 28 ఫుట్-పౌండ్లు వస్తుంది (ఒక పౌండు బరువుని ఒక అడుగు ఎత్తేంత శక్తి ఒక ఫుట్-పౌండ్). ఆ ఊపులో దాదాపు 39 శాతం గ్యాస్‌దే. ఇప్పుడు అంతే బరువున్న రైఫిల్లో, 1906 నుంచి ఉన్న 30-06 తూటాతో అదే 180 గ్రెయిన్ల బుల్లెట్ చూద్దాం. వేగం 2700 అడుగులు, మందు 56 గ్రెయిన్లు. తన్ను సుమారు 21. అంటే వేగం 10 శాతం పెరగడానికి తన్ను 35 శాతం పెరిగింది! ఇవి లెక్క చూపించడానికి తీసుకున్న అంకెలు మాత్రమే, వీటిని చూసి ఎవరూ మందు కొలవొద్దు.

ఆ అదనపు వేగం మనకిచ్చేదేమిటి? రెండు రైఫిళ్లనీ 200 గజాల దగ్గర గురి పెట్టిన చోటే తగిలేలా సరిచేసి పెడితే, 300 గజాల దగ్గర 30-06 బుల్లెట్ ఎనిమిదిన్నర అంగుళాల దాకా కిందికి దిగుతుంది, మాగ్నమ్ బుల్లెట్ దాదాపు ఏడు. తేడా ఒకటిన్నర అంగుళం. ఎల్క్ గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు దాదాపు అడుగు వెడల్పు ఉంటుంది. ఒకటిన్నర అంగుళం కోసం నేను మూడో వంతు ఎక్కువ దెబ్బ తిని, ఆ దెబ్బ భయంతో అడుగున్నర పక్కకి కాల్చాను. ఎటు చూసినా నష్టమే.

ఈ వేగం మోజు ఈనాటిది కాదు. 1912లో లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు .375 మాగ్నమ్ తెచ్చింది ఆఫ్రికాలోని పెద్ద జంతువుల కోసం. దాని అవసరం దానికి ఉంది. అమెరికాలో 1944లో రాయ్ వెదర్‌బీ .300 వెదర్‌బీ మాగ్నమ్ తయారు చేశాక వేగమే ఒక సిద్ధాంతమైపోయింది. వేగంగా వెళ్లే బుల్లెట్ ఎక్కడ తగిలినా చాలునన్న నమ్మకం వేటగాళ్లలో పాకింది. 1962లో 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్, 1963లో నా .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ వచ్చాయి. అదే కాలంలో ఇంకో మనిషి ఇంకో పాఠం నేర్చుకున్నాడు. 1946లో జాన్ నాస్లర్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్ (ఎల్క్ కన్నా పెద్ద జింక) మీద కాల్చాడు. ఆయన చేతిలో ఉన్నదీ మాగ్నమే, .300 హాలండ్ అండ్ హాలండ్. ఎండిన బురద పట్టిన ఆ చర్మం మీద బుల్లెట్లు పైపైనే పగిలిపోయాయి, లోపలికి దిగలేదు. ఆయన ఇంటికొచ్చి ఇంకా వేగం కోసం చూడలేదు, బుల్లెట్ మధ్యలో రాగి గోడ పెట్టాడు. ముందు సగం పూలా విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి వెళ్తుంది. అదే పార్టిషన్ బుల్లెట్, 1948లో దానితోనే కంపెనీ పెట్టాడు. ఈ డెబ్భై ఎనభై ఏళ్లలో వేటగాడికి నిజంగా మేలు చేసింది బుల్లెట్ తయారీలో వచ్చిన మార్పే అని నా నమ్మకం. నేటి బుల్లెట్లతో 30-06 చేసే పనిని ఆనాటి మాగ్నమ్‌లు చేయలేకపోయాయి.

సరే, రైఫిల్ అమ్మేసి చిన్నది కొనుక్కోవచ్చు కదా? కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది అదే. .308 గానీ, 6.5 క్రీడ్‌మూర్ గానీ, 30-06 గానీ తీసుకోండి, మాగ్నమ్ జోలికి పోకండి. హెచ్1బి మీద ఉన్నవాళ్లయితే దానికంటే ముందు చట్టం చూసుకోండి. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడం మామూలుగా నిషేధం, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. నాలా ఇప్పటికే మాగ్నమ్ కొనేసి, దాని బరువు, దాని ట్రిగ్గర్ చేతికి అలవాటైనవాళ్లకి ఇంకో దారి ఉంది. తూటా మనమే నింపుకోవడం.

ఒక తూటాలో నాలుగే వస్తువులు. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. కాల్చాక కేసు మన దగ్గరే ఉండిపోతుంది. దాన్ని శుభ్రం చేసి, ప్రెస్ అనే నొక్కే యంత్రంలో డై అనే అచ్చు పెట్టి అసలు కొలతకి తెచ్చి, పొడవు పెరిగితే కత్తిరించి, కొత్త ప్రైమర్ ఎక్కించి, మందు తూచి పోసి, బుల్లెట్ కూర్చోబెడతాం. చాలామంది ఈ పని మొదలుపెట్టేది షాపు తూటా కన్నా ఇంకో వంద అడుగుల వేగం పిండుకోవడానికి. మా రేంజ్‌లో ఒక జులై మధ్యాహ్నం ఒకతను రైఫిల్‌ని వెనక మూసే బోల్ట్ తెరుచుకోక చెక్క సుత్తితో కొట్టడం చూశాను. చలికాలంలో అంచు దాకా పెంచుకున్న మందు ఎండలో ఇంకా ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. ప్రైమర్ అప్పడంలా చదునైపోవడం, బోల్ట్ బిగుసుకోవడం, ఖాళీ కేసుని బయటికి నెట్టే ఎజెక్టర్ గుర్తు కేసు అడుగున పడటం, ఇవన్నీ ఆ రైఫిల్ ఇక చాలని చెప్పే గుర్తులు. కంటికి కొన్ని అంగుళాల దూరంలో అంత ఒత్తిడి పెట్టుకుని ఆడేంత విలువ ఆ వంద అడుగులకు లేదు.

అదే ప్రెస్, అదే త్రాసుతో వేగాన్ని కిందికి కూడా తీసుకురావచ్చు. నేను చేసింది అది. బుల్లెట్ 180 నుంచి 150 గ్రెయిన్లకి, వేగం సెకనుకు 2600 అడుగులకి తెచ్చుకున్నాను. మందు తగ్గితే గ్యాస్ తగ్గుతుంది, బుల్లెట్ ఊపూ తగ్గుతుంది, రెండు వైపులా లాభమే. నా లెక్కలో తన్ను 28 నుంచి 15 ఫుట్-పౌండ్ల దగ్గరికి వచ్చింది. కొలరాడోలో ఎల్క్‌కి చట్టం అడిగేది 85 గ్రెయిన్లకు తగ్గని బుల్లెట్, 100 గజాల దగ్గర కనీసం 1000 ఫుట్-పౌండ్ల శక్తి. నా తూటా అక్కడ ఆ హద్దుకి చాలా పైనే ఉంది. ఒక నియమం మాత్రం నాకు నేను పెట్టుకున్నాను: 200 గజాలు దాటితే కాల్చను. బుల్లెట్ సరిగ్గా విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు దానికి తగినంత వేగం మిగిలి ఉండాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దీన్ని తొందరలో దాటేయకండి. మందు తగ్గిస్తే ఎప్పుడూ సురక్షితమే అనుకోవడం తప్పు. మాగ్నమ్‌లలో వాడే నెమ్మదిగా కాలే మందులు, హెచ్ 1000, రెటంబో లాంటివి, పెద్ద కేసులో అడుగున కొంచెమే పోస్తే సరిగ్గా అంటుకోక, ఒక్కోసారి ఒత్తిడి అనుకోకుండా ఆకాశాన్ని అంటి రైఫిళ్లు పగిలిన సందర్భాలు ఉన్నాయి. వాటిని తూటాలు నింపే మాన్యువల్‌లో ఇచ్చిన ప్రారంభ కొలత కన్నా కిందికి తేకూడదు. తగ్గించడానికి పనికొచ్చే మందు వేరే ఉంది. హెచ్ 4895కి దాన్ని అమ్మే హాడ్జ్‌డన్ కంపెనీయే తగ్గించే పద్ధతి ప్రకటించింది. వాళ్ల డేటాలో ఆ తూటాకి, ఆ బుల్లెట్‌కి హెచ్ 4895 గరిష్ఠ కొలత ఇచ్చి ఉంటే, దానిలో 60 శాతం దాకా దిగొచ్చు, అంతకన్నా కిందికి కూడదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం దగ్గర మిగిలిపోయిన 4895 మందు కొని అమ్మడంతోనే ఆ కుటుంబం కాన్సస్‌లో ఈ వ్యాపారం మొదలుపెట్టింది. ఇప్పటి హెచ్ 4895 ఆస్ట్రేలియాలో తయారై వస్తుంది. నేను కొలతలు ఇక్కడ రాయను. మీరు కూడా ఎవరో రాసిన కొలత నమ్మి పోయకండి. అచ్చయిన మాన్యువల్ ఎదురుగా పెట్టుకుని, మీ బుల్లెట్‌కి, మీ ప్రైమర్‌కి ఉన్న పేజీ చూసే మొదలుపెట్టండి.

బల్ల మీద ఒక్క మందు డబ్బా మాత్రమే ఉండాలి. నేను ఫోన్ ఇంట్లో వదిలేసి గరాజ్‌లోకి వెళ్తాను. కేసులన్నీ చెక్క దిమ్మెలో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చ్ వేసి ఒక్కో కేసులోకీ చూస్తాను, మందు మట్టం అన్నిట్లో ఒకేలా ఉందా అని. తగ్గించిన కొలతతో పనిచేసేటప్పుడు పొరపాటున ఒకే కేసులో రెండుసార్లు పోసే ప్రమాదం ఉంటుంది. అందుకే కేసు సగానికి మించి నిండే కొలతనే ఎంచుకున్నాను. రెండోసారి పోస్తే అది పొంగి బల్ల మీద పడుతుంది, నా కళ్లకి కనిపించి తీరుతుంది.

ఇంకో సంగతి, బెల్టున్న మాగ్నమ్ కేసులకే ప్రత్యేకమైనది. కేసు అడుగున కడియంలా ఉబ్బెత్తుగా కనిపించేదే బెల్టు. .375 మాగ్నమ్ కేసు భుజం, అంటే మూతి వైపు కేసు సన్నబడే చోటు, బాగా ఏటవాలుగా ఉంటుంది కాబట్టి రైఫిల్లో తూటా కూర్చునే గదిలో, అంటే చాంబర్‌లో, అది ఎక్కడ ఆగాలో చెప్పడానికి ఆ బెల్టు అవసరమైంది. .300 విన్‌చెస్టర్‌కి భుజం గట్టిగానే ఉంది, బెల్టు వారసత్వంగా మిగిలిపోయింది. చిక్కేమిటంటే డైని కింది దాకా బిగించి ప్రతిసారీ భుజాన్ని వెనక్కి నొక్కేస్తే, కాల్చిన ప్రతిసారీ కేసు మళ్లీ ముందుకు సాగుతుంది. సాగేది బెల్టుకి సరిగ్గా పైన. నాలుగోసారి నింపబోతుంటే నా కేసు మీద, బెల్టుకి పైన, సన్నటి మెరిసే గీత కనిపించింది. పేపర్ క్లిప్ తీగ కొన వంచి లోపల గీస్తే, అక్కడ పల్లం ఉన్నట్టు కొన ఆగింది. ఇంకోసారి కాల్చి ఉంటే కేసు రెండు ముక్కలై వేడి గ్యాస్ నా ముఖం వైపు వచ్చేది. ఆ డబ్బాలోని కేసులన్నీ పారేశాను. అప్పటి నుంచి డైని సరిచూసుకుని, భుజాన్ని అంగుళంలో వెయ్యింట రెండు వంతులు మాత్రమే వెనక్కి నొక్కుతున్నాను. బెల్టు ఉన్నా లేనట్టే, భుజం మీదే తూటా ఆగుతుంది. కొలరాడోలోనో, వయోమింగ్‌లోనో మాగ్నమ్ నింపడం మొదలుపెట్టే తెలుగువాళ్లెవరైనా ఈ ఒక్క పేరా గుర్తుపెట్టుకుంటే చాలు.

తన్ను తగ్గించే వేరే మార్గాలు లేవా అంటే, ఉన్నాయి. రైఫిల్ బరువు ఒక పౌండు పెంచితే పై లెక్కలో 28 కాస్తా 25కి దిగుతుంది, కానీ 9,000 అడుగుల ఎత్తులో ఆ పౌండుని రోజంతా మనమే మొయ్యాలి. మంచి రబ్బరు ప్యాడ్ తన్ను మొత్తాన్ని తగ్గించదు, దాన్ని కాస్త ఎక్కువసేపు, ఎక్కువ చోటు మీద పరుస్తుంది. అది కూడా గొప్పే, తప్పకుండా వేయించుకోండి. భుజానికి ఆనించే స్టాక్ పొడవు మీ చేతికి సరిపోయిందో లేదో చూసుకోండి. పొట్టిగా ఉంటే స్కోపు అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో కోస్తుంది. బల్ల మీద ముందుకు వంగి కాల్చేటప్పుడు, బోర్లా పడుకుని కాల్చేటప్పుడు దెబ్బ ఎక్కువ తెలుస్తుంది, నిలబడితే ఒళ్లు వెనక్కి ఊగి దాన్ని మింగేస్తుంది. అందుకే నేను ఫుల్ లోడ్ తూటాలు, అంటే మందు తగ్గించనివి, ఒక రోజులో పదికి మించి కాల్చేవాణ్ణి కాదు, మిగతా ప్రాక్టీసంతా చిన్న .22 రైఫిల్‌తోనే.

మజిల్ బ్రేక్ గురించి మాత్రం నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. గొట్టం చివర రంధ్రాలు పెట్టి గ్యాస్‌ని పక్కలకీ వెనక్కీ తిప్పే ఆ పరికరం మాగ్నమ్ తన్నుని మూడో వంతు దాకా, ఒక్కోసారి సగం దాకా తగ్గిస్తుంది. గ్యాస్ వాటా అంత పెద్దది కాబట్టే మాగ్నమ్‌ల మీద అది బాగా పనిచేస్తుంది. కానీ ఆ గ్యాస్‌తో పాటు చప్పుడు కూడా వెనక్కి వస్తుంది. ఒక్కసారి పేలినా చెవికి హాని చేసే హద్దు 140 డెసిబెల్స్ అంటారు. పెద్ద రైఫిల్ చప్పుడు బ్రేక్ లేకుండానే దాన్ని చాలా దాటుతుంది. 2018లో చెవులకి ఏమీ పెట్టుకోకుండా, బ్రేక్ బిగించిన రైఫిల్‌తో అడవిలో ఒకే ఒక్క తూటా కాల్చాను. ఎడమ చెవిలో ఆ రోజు మొదలైన గుయ్‌మనే మోత ఈ రాత్రి కూడా ఉంది. భుజం నొప్పి రెండు రోజుల్లో పోతుంది, చెవి తిరిగి రాదు. పక్కన నిలబడ్డవాళ్ల చెవుల మీద మనకి హక్కు కూడా లేదు. నేను బ్రేక్ తీసేశాను.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్ల మాటలో న్యాయం ఉన్న చోటు ఉంది. అలాస్కాలో గోధుమ ఎలుగుబంటి ఉన్న పొదల్లో తిరిగేవాడు .338 మాగ్నమ్‌తో ఫుల్ లోడ్ పట్టుకెళ్లాలి, అక్కడ తగ్గించిన తూటా తప్పు. బాగా అభ్యాసం చేసి 400 గజాల అవతల గాలిని చదవగలిగినవాళ్లకి ఆ వేగం నిజంగా ఉపయోగమే. అలాంటివాళ్లని చూశాను. వాళ్లు డమ్మీ తూటా పరీక్షలో రెప్ప వెయ్యరు. నేను మాట్లాడుతున్నది ఏడాదికి ఒక డబ్బా తూటాలు కాల్చి, మిగతా ఏడాదంతా రైఫిల్‌ని సేఫ్‌లో ఉంచి, అక్టోబరులో కొండెక్కే మనలాంటివాళ్ల గురించి. మనలో ఎంతమందిమి మన మాగ్నమ్‌తో ఆ పరీక్షకి కూర్చున్నాం?

నార్వేలో పెద్ద జంతువుల్ని వేటాడేవాళ్లు ఏటా ఒక పరీక్ష కాల్చాలి. 30 తూటాలు అభ్యాసం, ఆ తర్వాత 100 మీటర్ల దూరంలో జంతువు బొమ్మ మీద 30 సెంటీమీటర్ల వలయంలో అయిదుకి అయిదు పడాలి. పక్కనే ఉన్న స్వీడన్‌లో 1894 నాటి 6.5×55 తూటాతో తరతరాలుగా మూస్‌లని వేటాడుతున్నారు, అది మెల్లగా తన్నే తూటా. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి. ఆ కార్డు ఒకసారి తెచ్చుకుంటే జీవితాంతం చెల్లుతుంది, ఏటా కాల్చి చూపించమని ఎవరూ అడగరు. నార్వే పద్ధతి ఇక్కడా పెట్టాలని నేను కోరుకుంటాను. ఆ పరీక్ష 2016లో నాకు ఉండి ఉంటే నేను తప్పేవాణ్ణి. తప్పి ఉండాల్సింది.

తగ్గించిన తూటా నేను మొదట తయారు చేసింది నా కోసం కాదు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లప్పుడు నాతో వస్తానంది. చిన్న రైఫిల్ కొందామనుకుంటూ, ముందు ఇంట్లో ఉన్నదాన్నే తన ఒంటికి సరిపడేలా చేద్దామని స్టాక్ మార్చి, తూటాలు నింపాను. వేసవి అంతా రేంజ్‌కి వెళ్లాం. లోపల ఫోమ్ ప్లగ్గులు, పైన ఇయర్ మఫ్స్, రెండూ పెట్టుకునేది. నేను డమ్మీలు కలిపి ఇచ్చేవాణ్ణి. మొదటి రోజు నుంచీ రైఫిల్ ముక్కు కదల్లేదు, ఎందుకంటే దానికి భయపడటం తను ఎప్పుడూ నేర్చుకోలేదు. ఒక సాయంత్రం తన డబ్బాలో మిగిలిన అయిదు తూటాలు నేను కాల్చి చూశాను. ఏడేళ్లలో నా తూటాలు అంత దగ్గర దగ్గరగా ఎప్పుడూ పడలేదు. ఆ రోజే నా ఫుల్ లోడ్ డబ్బాలు పై అరలోకి ఎక్కించాను.

2023 అక్టోబరులో మళ్లీ ఫ్లాట్ టాప్స్ కిందికి వెళ్లాం. ఆడ ఎల్క్, 140 గజాలు, పక్కకి తిరిగి ఉంది. తను నా బ్యాగు మీద రైఫిల్ ఆన్చి, చాలాసేపు ఊపిరి సర్దుకుని కాల్చింది. ఎల్క్ నాలుగడుగులు నడిచి కూలిపోయింది. నేను బైనాక్యులర్స్ దించేలోపే తను స్కోపులోంచి కన్ను తీయకుండా మెల్లగా అంది, "నాన్నా, ఎక్కడ తగిలిందో నేను చూశాను. మోచేతి వెనక." అన్నేళ్లలో నేను కాల్చిన ఏ తూటా తగలడమూ నేను చూడలేదు. ప్రతిసారీ తన్ను స్కోపుని ఆకాశంలోకి లేపేసేది. దగ్గరికి వెళ్లి చూస్తే తను చెప్పిన చోటే, మోచేతి వెనక, ఒక చిన్న రంధ్రం ఉంది.